పంట పద్దు – గాలి పద్దు

పొన్నూరున, పరిసర గ్రామముల పంచాయతీ సభ్యుల శిక్షణ సమావేశమున సమాచార శాఖ ప్రచారాధికారి చేసిన ప్రసంగ పాఠము



లెక్క వ్రాయుట మన ప్రాంతమునకు క్రొత్త విద్య కాదు. కరణముల కాలమున ప్రతి గ్రామమునకును అడంగలు ఉండెడిది. ఏ సర్వే నంబరులో ఎవరు ఏ పైరు వేసిరో, ఎంత విస్తీర్ణమో, నీరు ఎచ్చటి నుండి వచ్చినదో అందు వ్రాయబడెడిది. నేడు ఆ పనిని ఈ-పంట నమోదు నిర్వహించుచున్నది. ఈ పొన్నూరును అంటియున్న నిడుబ్రోలు ఆచార్య రంగాగారి జన్మస్థలము. అర్థశాస్త్రము కళాశాలల గోడల నడుమ నిలిచిపోరాదనియు, రైతునకు అందవలయుననియు ఆయన అచ్చట రైతు విద్యాలయమును నెలకొల్పిరి. అట్టి చోట అర్థశాస్త్రమునకు సంబంధించిన ఒక పట్టికను గూర్చి మాటలాడుటకు నేను సంకోచింపను.

ఆ పట్టిక ద్వారా నేడు ప్రపంచమంతట ఒక క్రొత్త పద్దు వ్రాయబడుచున్నది. ఒక సరుకు తయారగుటలో భూమిని వేడెక్కించు వాయువులు ఎంత మేరకు గాలిలో కలిసెనో చెప్పునదే ఆ పద్దు. అది ఎట్లు వేయబడుచున్నది, అందు మన పొలములకు న్యాయము జరుగునా, జరుగుటకు పంచాయతీ ఏమి చేయవలయును అను మూడు విషయములను మీకు మనవి చేసెదను.

ఏ వాయువులు?

బొగ్గు, డీజిలు, సహజవాయువు మండినపుడు బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడు, పుట్టును. నీరు నిలిచిన వరి మాగాణిలో గాలి సోకని బురదయందు సూక్ష్మజీవులు మీథేన్ అను వాయువును పుట్టించును. పైరుకు వేసిన యూరియాలోని నత్రజనిలో కొంత భాగము నైట్రస్ ఆక్సైడుగా మారి పైకి పోవును. వీనినే హరితగృహ వాయువులందురు.

వీని బలము ఒకటి కాదు. అంతర్జాతీయ వాతావరణ శాస్త్రజ్ఞుల సంఘము తన అయిదవ నివేదికలో ఇచ్చిన లెక్క ప్రకారము, నూరేండ్ల వ్యవధిలో ఒక కిలో మీథేన్ 28 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానము. ఒక కిలో నైట్రస్ ఆక్సైడు 265 కిలోలతో సమానము. పుట్టి, తూము, కుంచము లెక్కలను క్వింటాళ్లకు మార్చి ఒకే బస్తాలో చూచినట్లు, ఈ వాయువులన్నిటిని బొగ్గుపులుసు వాయువు కిలోలలోనికి మార్చి చూచుట ఆచారము. ఇకమీద నేను కిలోలు అన్నపుడు ఆ మార్చిన కిలోలనే గ్రహింపవలయును.

భారత ప్రభుత్వము 2024 డిసెంబరులో ఐక్యరాజ్యసమితికి సమర్పించిన నివేదిక ప్రకారము, 2020వ సంవత్సరమున దేశపు మొత్తము ఉద్గారములలో ఇంధన, విద్యుత్ రంగము వాటా నూటికి 75.66, వ్యవసాయము వాటా 13.72, పరిశ్రమల ప్రక్రియల వాటా 8.06, మిగిలినది వ్యర్థ పదార్థములది. ఇది చూచి, వ్యవసాయపు బాధ్యత నూటికి 14 మాత్రమేయని కొందరు సంతోషింతురు. కాని ఆ 14లో చేరినవి పొలమున, పశువుల కొట్టమున పుట్టినవి మాత్రమే. మోటారును త్రిప్పు విద్యుత్తు, ట్రాక్టరు త్రాగు డీజిలు ఇంధనపు పద్దులో నున్నవి. ఎరువుల కర్మాగారము వాడు సహజవాయువు ఇంధన, పరిశ్రమల పద్దులలో నున్నది. పొగ ఎచ్చట లేచెనో అచ్చట వ్రాసిన లెక్క ఇది. ఎవరి అవసరమునకై లేచెనో తెలుపు లెక్క వేరుగా వేయవలయును.

రూపాయి వెంట నడచుట

అట్టి లెక్కకు దారి చూపినవాడు వసీలీ లియాంటిఫ్ అను అర్థశాస్త్రవేత్త. రష్యాలో పెరిగి, అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున ఆచార్యుడై, 1936లో ఆయన అమెరికా దేశపు వృత్తులన్నిటిని ఒకే పట్టికలో పేర్చి ప్రకటించెను. అడ్డు వరుసలలో అమ్మువారు. నిలువు వరుసలలో కొనువారు. వరి అను నిలువు వరుసలో చూచినచో, ఆ పంటకై విత్తనమునకు, ఎరువునకు, డీజిలునకు, రవాణాకు ఎంతెంత వ్యయమైనదో తెలియును. ఎరువు అను నిలువు వరుసలో చూచినచో, ఆ కర్మాగారము ఎవరి యొద్ద ఏమి కొనెనో తెలియును. దీనినే ఇన్‌పుట్-అవుట్‌పుట్ పట్టిక అందురు. మనము పెట్టుబడి–దిగుబడి పట్టిక అని చెప్పుకొందము. ఈ కృషికి ఆయనకు 1973లో నోబెల్ బహుమానము లభించినది. దానికి మూడేండ్ల ముందే, 1970లో, ఈ పట్టికకే కాలుష్యమును ఒక వరుసగా చేర్చి లెక్కింపవచ్చునని ఆయన ఒక వ్యాసమున చూపియుండెను.

ఒక ఉదాహరణ చెప్పెదను. ఇందలి అంకెలు విషయము బోధపడుటకు కల్పించినవి మాత్రమే. ఒక రైతు 100 రూపాయల పంట తీయుటకు 20 రూపాయల ఎరువు, 5 రూపాయల విద్యుత్తు వాడెననుకొనుడు. ఆయన రసీదులలో విద్యుత్తు 5 రూపాయలే. కాని ఎరువుల కర్మాగారము ప్రతి 100 రూపాయల సరుకునకు 30 రూపాయల విద్యుత్తు వాడుచున్నచో, ఈ 20 రూపాయల ఎరువు వెనుక 6 రూపాయల విద్యుత్తు గలదు. మొత్తము 11 అయినది. ఆ 11 రూపాయల విద్యుత్తునకు, నూటికి 40 వంతున, 4 రూపాయల 40 పైసల బొగ్గు కావలయును. ఆ బొగ్గును త్రవ్వుటకు, నూటికి 10 వంతున, మరల 44 పైసల విద్యుత్తు కావలయును. దానికి మరల బొగ్గు. ఇట్లు ఒక్కొక్క మెట్టు చిన్నదగుచు పోయి, తుదకు విద్యుత్తు 11 రూపాయల 46 పైసలకు చేరి ఆగును. రసీదులో 5 రూపాయలుగా కనబడినది పట్టికలో 11 రూపాయల 46 పైసలుగా తేలినది.

ఈ మెట్లన్నిటిని ఒక్కమారుగా లెక్కించు గణితమును లియాంటిఫ్ ఏర్పరచెను. ఆపైని మిగిలిన పని సులభము. విద్యుత్ రంగము ఒక రూపాయి సరుకునకు ఎన్ని కిలోల వాయువును విడచుచున్నది, ఎరువు ఎన్ని, బొగ్గు గని ఎన్ని అని తెలిసికొని, ఆయా రూపాయలను ఆయా కిలోలతో హెచ్చవేసి కూడినచో పంట వెనుకనున్న పొగ అంతయు బయటపడును.

మన దేశపు పట్టిక చెప్పునది

మన దేశమున కేంద్ర గణాంక సంస్థ 1968-69 సంవత్సరపు పట్టికతో ఆరంభించి, కొన్ని ఏండ్లకొకమారు ఇట్టి పట్టికలను ప్రకటించినది. 2007-08 సంవత్సరపు పట్టికలో 130 రంగములున్నవి. తరువాత 2011-12 మొదలుకొని సరఫరా–వినియోగ పట్టికలు వెలువడినవి.

2003-04 సంవత్సరపు ఆర్థిక వివరములతో జ్యోతి పారిఖ్‌గారు, వారి సహచరులు చేసి 2009లో ప్రకటించిన పరిశోధన మన వంటివారు తెలిసికొనదగినది. పొగ ఎచ్చట లేచెనని చూచిన విద్యుత్ రంగమే ప్రథమ స్థానమున నిలిచినది. ఎవరి అవసరమునకై లేచెనని చూచినపుడు భవన నిర్మాణము, వస్తు తయారీ ముందునకు వచ్చినవి. ఇనుము, సిమెంటు, ఇటుక, రవాణా అన్నియు నిర్మాణములోనే వచ్చి చేరుటయే ఇందులకు కారణము. సిమెంటు రోడ్లు, కాలువలు, భవనములు కట్టించు పంచాయతీలకు ఈ మాట వర్తించును. పగిలిన రోడ్డును సకాలమున మరమ్మతు చేయించి పదేండ్లు నిలుపుట ధనమునకే గాక గాలికి కూడ పొదుపు.

ఆ పరిశోధనలోనే మరియొక అంకె గలదు. పట్టణములలో మిక్కిలి సంపన్నులైన పదవ వంతు జనుల జీవనము వెనుక మనిషి ఒక్కింటికి సంవత్సరమునకు 3,416 కిలోల బొగ్గుపులుసు వాయువు ఉండగా, గ్రామములలో మిక్కిలి పేదలైన పదవ వంతు జనుల వెనుక నున్నది 141 కిలోలు. అనగా 24 రెట్ల అంతరము. సరిగా వేసిన లెక్క పల్లెకు శత్రువు కాదని దీనివలన తెలియును. తప్పుగా వేసిన లెక్కయే భయపడదగినది.

రూపాయికి కనబడనివి

ఇప్పుడు అసలు విషయమునకు వచ్చుచున్నాను. ఈ పట్టిక పద్ధతి దేశమంతటికి చక్కగా సరిపోవును. అదే కొలను తెచ్చి ఒక గ్రామమునకు, ఒక రైతుకు వర్తింపజేసినచో కొన్ని చోట్ల తప్పును.

మొదటిది, సరాసరి. కృష్ణా పశ్చిమ డెల్టా కాలువల క్రింది మాగాణి వేరు. పెదనందిపాడు, ప్రత్తిపాడు వైపు నల్లరేగడి మెట్ట వేరు. పట్టికకు ఈ భేదము తెలియదు. 130 రంగముల పట్టికలో వరికి, పత్తికి, పొగాకునకు ప్రత్యేక వరుసలున్నవి. మిరపకు లేదు. గుంటూరు యార్డుకు పేరు తెచ్చిన పంట అచ్చట ఇతర పంటల గుంపులో కలిసియున్నది.

రెండవది, ధర. 2025 ఫిబ్రవరిలో మిరప ధర పడిపోయినపుడు కేంద్ర ప్రభుత్వము జోక్యము చేసికొని క్వింటాలునకు 11,781 రూపాయలు నిర్ణయించినది. అంతకు ముందటి ఏండ్లలో అదే యార్డులో 20,000 రూపాయలు దాటిన రోజులును గలవు. రూపాయికి ఇన్ని కిలోలు అను ఒకే గుణకము పట్టుకొని లెక్కించినచో, ధర హెచ్చిన సంవత్సరము మిరప వెనుక పొగయు హెచ్చినట్లు, ధర పడిన సంవత్సరము తగ్గినట్లు తేలును. పొలమున ఒక్క బస్తా ఎరువు కూడ మారియుండదు. రసాయనములు లేక పండించిన ధాన్యమును నాలుగు రూపాయలు ఎక్కువకు అమ్ముకొన్న రైతునకు అదే గతి పట్టును.

మూడవది, సబ్సిడీ. 45 కిలోల యూరియా బస్తా గరిష్ఠ ధర, వేపపూత ఖర్చు, పన్నులు గాక, 242 రూపాయలుగా ప్రభుత్వము నిలిపినది. అసలు వ్యయము అంతకు ఎన్నియో రెట్లు. రైతు చెల్లించిన రూపాయలనే పట్టుకొన్నచో యూరియా చిన్న వస్తువుగా కనబడును. కాని బస్తాను తూచి చూడుడు. అందు 20.7 కిలోల నత్రజని గలదు. అంతర్జాతీయ పద్ధతి ప్రకారము మెట్ట పైరులో దాని నూరవ వంతు నైట్రస్ ఆక్సైడు రూపమున పోవుననుకొన్నచో సుమారు 86 కిలోలు. యూరియాలోని కర్బనము వలన 33 కిలోలు. మొత్తము 119 కిలోలు. కర్మాగారమున వెలువడినది దీనికి అదనము. ఇక విద్యుత్తు మాట. మన రాష్ట్రమున 2004 నుండి వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు అమలులోనికి వచ్చినది. రైతు చెల్లించిన రూపాయలు సున్న గనుక ఆయన లెక్కలో పొగయు సున్నయే! కాని 5 అశ్వశక్తుల మోటారు గంట నడచినచో 4 యూనిట్లకు పైగా విద్యుత్తు వాడును. యూనిటునకు సుమారు 0.7 కిలోల వంతున అది గంటకు 3 కిలోలు.

నాలుగవది మిక్కిలి ముఖ్యమైనది. వరి చేలో నీరు ఎన్ని దినములు నిలిచెనను విషయము ఏ రసీదులోను ఉండదు. మన దేశపు అధికారిక లెక్కలలో, పంటకాలమంతయు నీరు నిలిచిన హెక్టారు నుండి 162 కిలోల మీథేన్, మధ్యలో ఒకమారు ఆరగట్టిన చేను నుండి 66 కిలోలు, పలుమార్లు ఆరగట్టిన చేను నుండి 18 కిలోలు వెలువడునని స్వీకరించిరి. దీనిని ఎకరమునకు, బొగ్గుపులుసు వాయువునకు మార్చినచో నీరు నిలిచిన చేనుకు సుమారు 1,836 కిలోలు. ఒకమారు ఆరిన చేనుకు 748 కిలోలు. ఆరగట్టుట వలన నైట్రస్ ఆక్సైడు కొంత పెరిగినను మొత్తము మీద లాభమే. ఈ రెండు చేల అంతరము 1,088 కిలోలు. మెట్టకు వేయు తొమ్మిది బస్తాల యూరియా నుండి పొలమున వెలువడు దానితో సమానము. అయినను, రూపాయల పట్టికలో ఈ రెండు చేలును ఒకటే. నీటిని అదుపు చేసి కష్టపడిన రైతును ఆ పట్టిక గుర్తింపజాలదు.

మనకెందుకు అనరాదు

ఈ లెక్క మన కళ్లము వరకు రాదులే అని ఎవరైన అనవచ్చును. 2011లో వెలువడిన అంతర్జాతీయ ప్రమాణము ప్రకారము, కంపెనీలు తాము కొన్న ముడి సరుకు వెనుకనున్న పొగను కూడ లెక్కింపవచ్చును. మన దేశమున షేరు మార్కెట్టులోనున్న 1,000 పెద్ద కంపెనీలు 2022-23 నుండి పర్యావరణ నివేదికలు సమర్పింపవలసియున్నది. యూరపు సమాఖ్య 2023 అక్టోబరు నుండి ఇనుము, సిమెంటు, ఎరువులు మున్నగు దిగుమతులకు కర్బనపు లెక్క అడుగుచున్నది. పత్తి, మిరప ఆ జాబితాలో లేవు. అయినను గాలి ఎటు వీచుచున్నదో గ్రహింపవలయును. నూలు మిల్లుకు గాని, కారము ఎగుమతిదారునకు గాని పొలము నుండి వివరము అందనిచో, వారు చేయగలది ఒక్కటే: కొన్న రూపాయలను పట్టికలోని సరాసరితో హెచ్చవేయుట. మన లెక్క మనము వ్రాసికొననిచో, సరాసరి లెక్క మన పేర వ్రాయబడును. అప్పుడు మంచి చేసిన గ్రామమునకును, చేయని గ్రామమునకును భేదముండదు.

పంచాయతీ చేయదగిన పని

నిపుణులు దీనికి చెప్పు మార్గము మధ్యేమార్గము. పెద్ద అంశములను కొలతలతో వ్రాయుట. చిల్లర అంశములను మాత్రము రూపాయలలో వ్రాసి పట్టికకు వదలుట. పురుగుమందు, విత్తనము, గోతములు, టార్పాలిన్లు, శీతల గిడ్డంగి అద్దె, రవాణా కూలి వంటివి రూపాయలలో ఉన్నను పెద్ద తప్పు రాదు. కొలతలతో వ్రాయవలసినవి అయిదే: యూరియా బస్తాలు, డీజిలు లీటర్లు, మోటారు నడచిన గంటలు, వరి చేలో నీరు నిలిచిన దినములు, పండిన క్వింటాళ్లు. లీటరు డీజిలునకు సుమారు 2.7 కిలోలు అని గుర్తున్నచో, ట్రాక్టరు లెక్క పదవ తరగతి బాలిక వేయగలదు.

దీనికి క్రొత్త కార్యాలయము అక్కరలేదు. ఈ-పంట నమోదులో పైరు, విస్తీర్ణము ఇదివరకే యున్నవి. రైతు సేవా కేంద్రమున ఎరువుల వివరములున్నవి. ఈ రెండింటి పక్కన మిగిలిన అంశములను చేర్చి ఒక పుస్తకము తెరచినచో చాలును. మొదటి సంవత్సరము ఊరంతయు వ్రాయ నవసరము లేదు. మాగాణిలో పదిమంది, మెట్టలో పదిమంది, ఇష్టపడినవారిని తీసికొనుడు. కౌలు రైతులను విడువకుడు. చేను దున్నువారు, ఎరువు వేయువారు వారే. ఏ రైతు పేరును బయట పెట్టి నిందింపకుడు. ఈ పుస్తకము పన్ను వేయుటకు కాదనియు, ఉచిత విద్యుత్తును తీసివేయుటకు కాదనియు గ్రామసభలో స్పష్టముగ చెప్పుడు. నమ్మకము లేనిచోట నిజమైన అంకె రాదు.

నీటి విషయము ఒక్క రైతు చేతిలోనిది కాదు. కాలువ క్రింద పై చేను తడిసిన పిమ్మట క్రింది చేను తడియును. ఒకరు ఆరగట్టదలచినను పొరుగు చేని నీరు గట్టు దాటి వచ్చును. కాలువ వంతు ఎప్పుడు వచ్చునో నమ్మకము లేని రైతు వచ్చిన నీటిని నిలువ చేసికొనుట సహజము. కావున పంచాయతీయు, నీటి సంఘమును కూర్చుండి వంతుల తేదీలను ముందుగా నిర్ణయించి చాటింపవలయును. ఆరగట్టుటకు అదియే మొదటి మెట్టు. పూత దశలో మాత్రము చేను ఎండనీయరాదు.

దేశమున ఇతర ప్రాంతములలో పంచాయతీలు ఈ బాట పట్టినవి. కేరళలో వయనాడు జిల్లాలోని మీనంగాడి పంచాయతీ 2016లో కర్బన తటస్థ గ్రామ ప్రయత్నమును ఆరంభించినది. జమ్మూ ప్రాంతమున పల్లి పంచాయతీ 2022 ఏప్రిలులో ఆ పేరు పొందినది. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ జాతీయ పురస్కారములలో 2023లో దీనికి ఒక ప్రత్యేక బహుమతియు ఉండెను. మన రాష్ట్రమున 2016 నుండి ప్రకృతి వ్యవసాయ కార్యక్రమము నడచుచున్నది. ఆ రైతులు తగ్గించిన బస్తాలు ఎన్నియో ఊరి పుస్తకమున ఉన్నప్పుడే ఊరికి ఆ ఘనత దక్కును.

సోదరీ సోదరులారా, పట్టిక గొప్పది. మన రసీదులో కనబడని బొగ్గును మనకు చూపినది అదియే. కాని పట్టిక దేశమును చూచును, చేనును చూడజాలదు. చేను గట్టుమీద నిలిచి చూడగలవారు మీరు. వచ్చు గ్రామసభలో ఈ అయిదు అంశముల పుస్తకమును గూర్చి ఒక తీర్మానము పెట్టుడు. నాట్లకు ముందుగానే మొదటి పుట వ్రాయుడు.